మనసు దేవుడిచ్చిందైతే ఎత్తు ఎవరిది? పిల్లలు అడిగితే చర్చ నడిపే పద్ధతి

గుంటూరు బ్రాడీపేట నాలుగో లైన్లో మా డాబా మీద సాయంత్రాలు చదరంగం నేర్పుతుంటాను. ముప్పై రెండేళ్ళు రైల్వే తపాలా సర్వీసైన ఆర్ఎంఎస్‌లో ఉత్తరాల సార్టింగ్ చేసి రిటైరైన మనిషిని. వేదాంతం నా సబ్జెక్టు కాదు. పిల్లలే ప్రశ్నలు అడిగి అడిగి నా చేత చదివించారు.

మొదలుపెట్టింది ఎనిమిదో తరగతి పిల్ల. ఆ రోజు నాతో ఆడుతోంది. బీ2 గడిలో ఒక బంటును ఎరగా వదిలాను. మంత్రిని అంత దూరం నుంచి తెచ్చి టక్కున తినేసింది. మూడు ఎత్తుల్లో ఆ మంత్రికి దారులన్నీ మూసేశాను. పిల్ల మొహం చిన్నబోయింది. ఓదారుద్దామని "పోనీలే అమ్మా, నువ్వు ఆ బంటు తింటావని నాకు ముందే తెలుసు" అన్నాను. అది ఓదార్పు ఎలా అవుతుందనుకున్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

పిల్ల తలెత్తి, "మీకు ముందే తెలిస్తే అది నా ఇష్టం ఎలా అవుతుంది మాస్టారూ?" అంది. నేను నోరు తెరిచేలోపే ఇంకోటి వేసింది. "దేవుడికి అన్నీ ముందే తెలుసంటారు. పైగా నన్నూ, నా బుర్రనీ చేసింది కూడా ఆయనేనంటారు. మరి లెక్కల్లో మార్కులు తగ్గితే మా అమ్మ నన్నెందుకు తిడుతుంది?"

పక్క బోర్డుల వాళ్ళు కూడా ఆట ఆపేసి నా వైపు చూశారు.

అప్పటి నుంచి నెలకో ఆదివారం ఆట అయ్యాక ఒక గంట ఇదే చర్చ. కొందరు తల్లిదండ్రులు కూడా వచ్చి కూర్చుంటారు, టీ మా ఇంట్లోదే. మూడేళ్ళుగా ఇందులో నేను చేసిన పొరపాట్లు, పనికొచ్చిన పద్ధతులు ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లోనో ట్యూషన్లోనో ఈ ప్రశ్న వచ్చిపడితే వాడుకోండి.

ఎప్పుడు మొదలుపెట్టకూడదు

పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు వద్దు. ఇంట్లో మనిషి పోయిన ఏడాదిలో, పిల్లలు తమంతట తాము అడిగితే తప్ప, అసలే వద్దు. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. మా దగ్గరికి వచ్చే ఒక కుర్రాడి నాన్న హైవే మీద బండి మీద వస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. డ్రైవర్ నిద్రలోకి జారాడట. దినకర్మలన్నీ అయ్యాక కుర్రాడు మళ్ళీ ఆటకొచ్చాడు. నేను వాడి భుజం మీద చెయ్యేసి, "అంతా ఆయన రాసిపెట్టిందే నాన్నా, మన చేతుల్లో ఏముంది" అన్నాను. మనవైపు ఎవరైనా అనే మాటే. వాడు నా చెయ్యి తీసేసి, "అయితే ఆ డ్రైవర్ మీద కేసెందుకు పెట్టారు మాస్టారూ? అతని చేతుల్లో కూడా ఏం లేదుగా" అన్నాడు. బోర్డు మడిచి వెళ్ళిపోయాడు.

రెండు నెలలు రాలేదు. వచ్చాక, నేనన్నది తప్పని అందరి ముందూ ఒప్పుకున్నాను. "మా నాయనమ్మ కూడా అదే అంటుంది లెండి" అన్నాడు. క్షమించాడో, మా ఇద్దర్నీ కలిపి కొట్టేశాడో తెలీలేదు.

ఇంకో జాగ్రత్త. "అసలు దేవుడున్నాడా" అనే చోట మొదలుపెడితే గంటా దానికే సరిపోతుంది, చివర్లో ఒకరిద్దరు అలుగుతారు. లెక్కల్లో 'ఎక్స్ అనుకుందాం' అంటాం చూడండి, అలా 'ఉన్నాడనుకుందాం' అని కూర్చోండి. మా దగ్గర ఒక పిల్లాడి తండ్రి నాస్తికుడు. చిన్నప్పుడు విజయవాడ పటమటలో నాస్తిక కేంద్రానికి దగ్గర్లోనే పెరిగాడు. గోరా గారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో పటమటకు తెచ్చిన కేంద్రం అది. "అనుకోవడం మాత్రం దేనికండీ?" అన్నాడాయన. "ఎదుటివాడి ఎత్తు ముందు అనుకోకుండా మన ఎత్తు వేస్తామా?" అన్నాను. కూర్చున్నాడు. నిజానికి మా అందరిలోకీ మనిషి స్వేచ్ఛ గురించి గట్టిగా మాట్లాడేది ఆయనే. దేవుడి మీద భారం వేయడం మానేస్తేనే మనిషి తన పనికి తాను జవాబుదారీ అవుతాడన్నది గోరా గారి వాదంలో అసలు పట్టు. ఆయన దాన్ని పట్టుకుని వదలడు.

ముందు ఇంట్లో మాటలు ఏరుకు రమ్మనండి

పెద్ద పుస్తకాల జోలికి వెళ్ళే ముందు పిల్లలకు ఒక వారం పని పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళు తలరాత గురించి, తప్పొప్పుల గురించి ఏమంటారో విని రాసుకురావాలి. మా వాళ్ళు తెచ్చినవాటిలో ఒకే నాయనమ్మ నోటి నుంచి వచ్చిన మాటలు రెండున్నాయి. కరెంటు పోయి మోటారు ఆడకపోతే "శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు." పక్కింటాయన అప్పులపాలైతే "చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవ." మనకు జరిగితే శివుడి ఆజ్ఞ, పక్కింటికి జరిగితే వాడు చేసుకున్నది. పిల్లలు పడీపడీ నవ్వారు. నవ్వనివ్వండి. కానీ పెద్దావిడ అబద్ధమేమీ చెప్పలేదు, రెండూ నమ్మింది. ఆ రెండూ ఒకే నోట్లో ఎలా పడతాయన్నదే మన చర్చ.

తర్వాత తెలుగు క్రియలు. ఇది నేను తెలుగు మాస్టారి దగ్గర నేర్చుకున్నది కాదు, ఓడిన ఆటల గురించి పిల్లలు చెప్పుకునే సాకులు వింటుంటే తట్టింది. మనకు కోపం 'వస్తుంది'. ఆకలి 'వేస్తుంది'. ఆలోచన 'తడుతుంది'. ఆశ, బుద్ధి 'పుడతాయి'. వీటిలో ఎక్కడా నేను చేసేవాణ్ణి కాదు, 'నాకు' అంటూ ఓ పక్కన నిలబడతాను. అదే 'అనుకున్నాను', 'ఆపుకున్నాను', 'మానుకున్నాను', 'ఒప్పుకున్నాను' అనేసరికి 'నేను' వచ్చి కుర్చీలో కూర్చుంటాను.

ఓడిన ఆట ఒకటి నాలుగు వాక్యాల్లో చెప్పమనండి. 'నాకు' వచ్చిన వాక్యాలు ఒక వైపు, 'నేను' వచ్చినవి ఇంకో వైపు రాయండి. మా ఎనిమిదో తరగతి పిల్ల బీ2 బంటు కథ ఇలా చెప్పింది: "బంటు కనపడగానే నాకు ఆశ పుట్టింది. ఆగలేకపోయాను. తినేశాను." మొదటిది 'నాకు' వైపు వెళ్ళింది. మూడోది 'నేను' వైపు. మధ్యలో 'ఆగలేకపోయాను' దగ్గర అందరూ ఆగిపోయారు. వ్యాకరణం ప్రకారం అది నేనే. కానీ ఆ నేను ఆ క్షణంలో అక్కడ ఉందో లేదో తెలీదు.

ఇక ప్రశ్నను ఇలా తిరగరాయండి: దేవుడు మనిషిని చేశాడనుకుంటే, 'నాకు' వైపున్నవన్నీ ఇచ్చి ఊరుకున్నాడా, 'నేను' వైపువి కూడా ఆయనేనా? పదేళ్ళ పిల్లలకు కూడా ఇది అర్థమవుతుంది. 'స్వేచ్ఛాసంకల్పం' అంటే నాకే నోరు తిరగదు.

చీటీ పద్ధతి

ముందే తెలియడం వేరు, చేయించడం వేరు. పిల్లలు, పెద్దలు కూడా, ఈ రెండింటినీ కలిపేస్తారు. ముందు విడదీయాలి. దీనికి ఒక చీటీ చాలు.

పిల్ల ఎత్తు వేసే ముందు, ఏం వేస్తుందో మీరు చీటీ మీద రాసి మడిచి గడియారం కింద పెట్టండి. ఎత్తు వేశాక తీసి చదవండి. సరిపోతే, "ఈ చీటీ నీ చెయ్యి పట్టుకుని లాగిందా?" అని అడగండి. లేదంటారు. 4వ శతాబ్దం చివర్లో ఆగస్టీన్ అనే క్రైస్తవ పండితుడు దీన్ని వెనక్కి తిప్పి చూపించాడు. నిన్న జరిగింది నీకు గుర్తుంది, నువ్వు గుర్తుపెట్టుకోవడం వల్ల నిన్నటిది జరగలేదు కదా, అలాగే ఆయనకు ముందే తెలియడం వల్ల రేపటిది జరగదు అని. 524 ప్రాంతంలో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ జైల్లో ఉన్న బొయితియస్ అనే తత్వవేత్త ఇంకో మెట్టు పైకి వెళ్ళాడు. దేవుడికి ముందు, వెనక అనేవే లేవు, అన్నీ ఆయనకు ఇప్పుడు కళ్ళెదుట ఉన్నట్టే. నడిచేవాణ్ణి మనం చూస్తున్నంత మాత్రాన వాడు మనవల్ల నడవడు.

ఇక్కడ తృప్తిపడి టీ తెప్పించకండి. తెలివైన పిల్ల ఒకతి ఉంటుంది. "మీ చీటీ పదిసార్లలో నాలుగుసార్లు తప్పుతుంది. దేవుడి చీటీ తప్పనే తప్పదు. తప్పడానికి వీల్లేని చీటీ గడియారం కింద ఉంటే నేను ఇంకో ఎత్తు ఎలా వేస్తాను?" అంటుంది. అది మంచి దెబ్బ. బొయితియస్ జవాబు దానికి కొంతవరకే సరిపోతుందని నా అభిప్రాయం. పలక మీద 'పెండింగ్' అని రాసి దాని కింద పెట్టండి. మాకు ఆ పలక ఇప్పటికీ ఉంది, ఆ గీత చెరపలేదు.

మణికట్టు పద్ధతి

అసలు చిక్కు తెలియడంలో లేదు, చేయడంలో ఉంది. తెలిసినవాడు పక్కన కూర్చున్న ప్రేక్షకుడు. చేసినవాడు అలా కాదు. దీనికి మా డాబా మీద బాగా పనికొచ్చింది ఈ ఆట, కాబట్టి తొందరపడకుండా చేయండి.

ఒక పిల్లను బోర్డు ముందు కూర్చోబెట్టండి. మొదట ఆమె మణికట్టు మీరే పట్టుకుని, వేళ్ళ మధ్య గుర్రాన్ని ఇరికించి, ఎఫ్3లో పెట్టండి. ఎవరు వేశారని అడగండి. అందరూ మీరేనంటారు. రెండోసారి చెయ్యి వదిలేసి చెవిలో చెప్పండి: "గుర్రం, ఎఫ్3." వేస్తుంది. ఎవరిది? కొంచెం గొడవ మొదలవుతుంది. మూడోసారి, "నీ గుర్రాల సంగతి చూసుకో" అని మాత్రం అనండి. నాలుగోసారి ఏమీ అనకండి. కానీ ఆ గుర్రాన్ని అక్కడ పెట్టడం ఆమెకు మూడేళ్ళుగా మీరు నేర్పిందే.

ఏ మెట్టు దగ్గర ఎత్తు ఆ పిల్ల సొంతమైంది? మా దగ్గర పదిమంది ఉంటే అయిదు రకాల జవాబులు వచ్చాయి. లారీ కుర్రాడు మాత్రం నాలుగో మెట్టు కూడా మాస్టారిదేనన్నాడు. నేను మణికట్టు పట్టుకున్నప్పుడు మా ఎనిమిదో తరగతి పిల్ల ముందు కిలకిలా నవ్వింది, సగం దారిలో నవ్వు ఆపి చెయ్యి లాక్కుంది. ఎందుకు లాక్కున్నావంటే, "నాది కాదనిపించింది" అంది. చెయ్యా, ఎత్తా అని అడగాల్సింది, మర్చిపోయాను.

ఇక్కడి నుంచి దేవుడి దగ్గరికి ఎక్కండి. నేను ఆమెకు ఆట నేర్పానే గానీ ఆమె స్వభావాన్ని చేయలేదు. ఊరికే దొరికిన బంటును చూస్తే ఆగలేని ఆశ ఆమెకు నా దగ్గరికి వచ్చేటప్పటికే ఉంది. దేవుడి విషయంలో ఆ వెసులుబాటు లేదు. మొత్తం ఆయనే చేశాడనుకుంటే ఆ ఆశ కూడా ఆయన పెట్టిందే. జె.ఎల్. మాకీ అనే తత్వవేత్త 1955లో దీన్నే సూటిగా అడిగాడు. మనిషి ఒకసారి తన ఇష్టంతోనే మంచిని ఎంచుకోగలిగితే, ప్రతిసారీ ఎంచుకోవడంలో అసంభవమేముంది? సర్వశక్తిమంతుడు అలాంటి మనుషుల్నే చేయొచ్చు కదా? మా భాషలో చెప్పాలంటే, ఎవరూ చెవిలో ఊదకుండానే ఎప్పుడూ మంచి ఎత్తే వేసే ఆటగాణ్ణి పుట్టించొచ్చు కదా.

దీనికి ఆల్విన్ ప్లాంటింగా అనే ఇంకో తత్వవేత్త 1974లో అచ్చయిన పుస్తకాల్లో జవాబిచ్చాడు. తన ఇష్టంతో అంటే అర్థమే, ఏం ఎంచుకుంటాడన్నది వాడి మీద ఆధారపడి ఉందని. అందుకే ఏ మనుషులున్న ఏ లోకాన్నైనా దేవుడు తానొక్కడే తెచ్చేయలేకపోవచ్చు, కొంత భాగం ఆ మనుషుల చేతుల్లో ఉండిపోతుంది. నాలుగు మూలల త్రిభుజం గీయలేకపోతే శక్తి తక్కువని ఎవరూ అనరు, ఇదీ అలాంటిదే అంటాడు.

నాకు ప్లాంటింగా వైపే మొగ్గు. ఆటగాణ్ణి తయారుచేయొచ్చు, వాడి బదులు ఆడితే మాత్రం వాడు ఆటగాడు కాడు. అయితే అది చెప్పగానే మా పిల్ల, "మీరు ఊరుకున్నా నా ఆశ ఊరుకోదు మాస్టారూ. దాన్ని నేను పెట్టుకోలేదు కదా" అంది. ప్లాంటింగా గారు అక్కడ ఉంటే ఏమనేవారో గానీ నేను మాత్రం టీ గ్లాసులు తీశాను.

మీకు ఇలాంటి ఘట్టం వస్తే తెలిసినట్టు నటించకండి. పిల్లలు ఒక్క ఎత్తులో పట్టేస్తారు.

ఎవరింట్లో ఏం చెప్తారో కనుక్కోవడం

మా డాబా మీద అన్ని మతాల పిల్లలూ ఉంటారు. సినిమాలో పెట్టినట్టుంది గానీ గుంటూరులో ఏ వీధి ట్యూషన్‌కి వెళ్ళినా ఇంతే. ప్రతి పిల్లనీ ఇంట్లో పెద్దవాళ్ళను ఒకే ఒక్క ప్రశ్న అడిగి రమ్మనండి: "నన్ను దేవుడు కొత్తగా చేశాడా, ముందు నుంచే ఉన్నానా?"

హిందువుల పిల్లలకు ఇక్కడ ఓ ఆశ్చర్యం కాచుకుని ఉంటుంది. ఇంట్లో అందరూ 'దేవుడు పుట్టించాడు' అంటారు. వేదాంతానికి ఆధారమైన బ్రహ్మసూత్రాలు అలా అనవు. రెండో అధ్యాయం మూడో పాదంలో జీవుడికి పుట్టుక లేదు, నిత్యుడు అని తేల్చేశారు. గీతలో 'న జాయతే మ్రియతే వా' అన్నదీ అదే. మనసు, బుద్ధి వేరే, అవి పనిముట్లు, ప్రకృతి నుంచి వచ్చినవి. కాబట్టి 'మనసును దేవుడు చేయగలడా' అంటే ఒక రకంగా అవుననే చెప్పాలి. 'నేను'ను చేశాడా అంటే మాత్రం, అది ఎవరూ చేసింది కాదు. మీ పిల్ల 'మనసు' అన్నప్పుడు ఈ రెండింట్లో దేన్ని అంటోందో అడిగి తెలుసుకోండి, సగం తగవు అక్కడే తీరుతుంది.

మరి ఒకడు అలా, ఒకడు ఇలా ఎందుకున్నాడంటే శంకరులు వాన పోలిక చెప్పారు. వాన వరికీ యవలకూ ఒకేలా పడుతుంది, ఏది మొలుస్తుందన్నది విత్తనాన్ని బట్టి. విత్తనమంటే వెనకటి కర్మ. "మొట్టమొదటి విత్తనం ఎక్కడిది?" అని అడుగుతారు పిల్లలు, తప్పకుండా అడుగుతారు. సూత్రకారుడి జవాబు: మొదలు లేదు, అనాది. "ఇది తప్పించుకోవడం కదా?" అన్నాడు మా నాస్తికుడి కొడుకు. మొదటి గుడ్డు కథలా ఉందన్నారు ఇంకొందరు. నాకైతే కనీసం ఆ ఆశను పెట్టిన నేరం దేవుడి మీద పడకుండా చేశారనిపించింది. నేరం మన మీదే పడింది, అది వేరే సంగతి.

రామానుజుల పోలిక మావాళ్ళకు ఇంకా తొందరగా ఎక్కింది. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న ఆస్తిని ఒకడు వేరేవాడికి ఇవ్వాలంటే రెండోవాడి ఒప్పుదల కావాలి. జీవుడు ముందు ప్రయత్నం చేస్తాడు, లోపలున్న ఈశ్వరుడు ఆ ప్రయత్నాన్ని చూసి అనుమతిస్తాడు. గుంటూరు పిల్లలకు ఉమ్మడి ఆస్తులు, సంతకాల సంగతి వేరే చెప్పాలా? "అంటే సంతకం ఆయనది, అమ్మకం మనది" అన్నాడొకడు. వాళ్ళ నాన్న రియల్ ఎస్టేట్.

గీత చదివే ఇల్లయితే పద్దెనిమిదో అధ్యాయం తీసి రెండు శ్లోకాలు పక్కపక్కన చూపించండి. 61వ శ్లోకంలో ఈశ్వరుడు అందరి గుండెల్లో ఉండి యంత్రం మీద ఎక్కించినట్టు మాయతో తిప్పుతున్నాడు. 63కి వచ్చేసరికి, ఇదంతా బాగా ఆలోచించి నీ ఇష్టం ఎలా ఉంటే అలా చెయ్యి, అంటాడు. మధ్యలో ఉన్నది ఒక్క శ్లోకం. చెప్పిందీ ఒకడే. నాయనమ్మ రెండు సామెతలు గుర్తొచ్చాయా?

లూథరన్ కుర్రాడి తాతగారు ఏసీ కాలేజీలో చదువుకున్నారు. 1842లో హేయర్ దొర గుంటూరు వచ్చినప్పటి నుంచి ఈ ఊళ్ళో లూథరన్లున్నారు, కానీ ఆ లూథర్ ఈ విషయంలో ఎంత మొండివాడో నాకు అప్పటిదాకా తెలియదు. 1524లో ఎరాస్మస్ అనే పండితుడు మనిషి సంకల్పానికి స్వేచ్ఛ ఉందని రాస్తే, మరుసటేడు లూథర్ అది బందీ అని పెద్ద పుస్తకమే రాశాడు. దేవుడి ముందు, రక్షణ విషయంలో, మనిషి సొంతంగా చేయగలిగింది ఏమీ లేదు. అయితే తనకంటే కింద ఉన్నవాటిలో, డబ్బు, ఆస్తిపాస్తుల్లో, మనిషి ఇష్టం మనిషిదేనని ఒప్పుకున్నాడు. తాతగారు ఇది చెప్పి పంపిస్తే మనవడు వచ్చి, "బంటు తినడం నా ఇష్టమేనంట మాస్టారూ, పరలోకం మాత్రం కాదంట" అని ప్రకటించాడు.

పాత గుంటూరు కుర్రాడు వాళ్ళ పెదనాన్నను అడిగి వచ్చాడు. ఇస్లాంలోనూ ఈ తగవు పాతదే. మనిషి పనులను మనిషే చేస్తాడని ముతజిలీలు అనే పాత వర్గం వాళ్ళు అన్నారు. 10వ శతాబ్దంలో అష్అరీ అనే పండితుడు, పనిని సృష్టించేది అల్లానే, మనిషి దాన్ని 'సంపాదించుకుంటాడు' అన్నాడు, అదే కస్బ్. నాకు అది చాలాకాలం మింగుడుపడలేదు. కుర్రాడే తేల్చాడు: "గుర్రాన్ని కదిపేది ఆయన, స్కోరు షీటు మీద పేరు నాది."

ఒక ఆదివారం అందరినీ అమరావతి తీసుకెళ్ళాను. స్తూపం దగ్గర చెట్టు కింద కూర్చుని, బుద్ధుడు ఈ వాదాన్ని ఎలా తిప్పికొట్టాడో చెప్పాను. అంగుత్తర నికాయం అనే బౌద్ధ గ్రంథంలో ఉంది. అంతా ఈశ్వర సృష్టి వల్లే జరుగుతుందంటే, హంతకుడు చంపేదీ దొంగ దొంగిలించేదీ కూడా దాని వల్లే, మరి ఇది చేయాలి, ఇది చేయకూడదు అనే పట్టుదలకు చోటేది? చెప్తుండగానే లారీ కుర్రాడి వైపు చూశాను. పులిహోర పొట్లం విప్పుతున్నాడు. "నేను ముందే అడిగాగా" అన్నాడు, తలెత్తకుండా.

ఫోన్లో ఉన్న ఆటగాడు

ఈ రోజుల్లో పిల్లలు కంప్యూటర్ సంగతి ఎత్తకుండా ఈ చర్చ ముగియదు. 1997లో డీప్ బ్లూ కాస్పరోవ్‌ను ఓడించింది. 2017లో వచ్చిన ఆల్ఫాజీరోకి నియమాలు మాత్రమే ఇచ్చారు, తనతో తాను ఆడుకుని నేర్చుకుంది. దాన్ని చేసినవాళ్ళకు కూడా తర్వాతి ఎత్తు ఏమిటో తెలీదు. "చేసినవాడికే తెలియని ఎత్తు వేస్తోందంటే దానికి స్వేచ్ఛ ఉన్నట్టేగా?" అంటారు. ఒక పాచిక తీసి వేయండి. ఎంత పడుతుందో పాచిక చేసినవాడికీ తెలీదు. ముందుగా చెప్పలేకపోవడం వేరు, స్వేచ్ఛ వేరు. ఇది చీటీ పాఠానికి అవతలి ముఖం.

యంత్రానికి మనసు ఉండొచ్చా అంటే మాత్రం కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన అలన్ ట్యూరింగ్ 1950లో రాసినది చెప్తాను, నాకు ఇష్టం కాబట్టి. ఆత్మను దేవుడు మనిషికే ఇచ్చాడు కాబట్టి యంత్రం ఆలోచించలేదు అనేవాళ్ళతో ఆయన, అలా అంటే మీ సర్వశక్తిమంతుడి శక్తికి మీరే హద్దు గీస్తున్నారు అన్నాడు. పిల్లల్ని కన్నప్పుడు మనం ఆత్మను చేయడం లేదు, ఆయన చేసే ఆత్మకు ఇల్లు కట్టిస్తున్నాం, యంత్రమూ అలాంటి ఇల్లే కావచ్చు అన్నాడు. ట్యూరింగ్‌కు మతం మీద పెద్ద నమ్మకం లేదు. అయినా అవతలివాడి బోర్డు వైపు కూర్చుని అవతలివాడి పావులతో ఆడాడు. పిల్లలకు నేర్పాల్సింది నిజానికి ఇదే అనుకుంటాను.

మన నిర్ణయం మనకు తెలిసేలోపే మెదడు మొదలుపెట్టేస్తుందని 1983లో లిబెట్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం గురించి పెద్ద పిల్లలు ఎవరో ఒకరు చదివి వస్తారు. వేలు కదిలించే ముందు దాదాపు అర సెకను నుంచే మెదడులో అలజడి కనపడింది, కదిలించాలనే ఉద్దేశం తెలిసింది మాత్రం అందులో చివరి భాగంలోనే. వినండి, కానీ ఊరికే వేలు కదపడం, ఇరవై నిమిషాలు ఆలోచించి ఒక ఎత్తు వేయడం ఒకటేనా అని అడగండి. లిబెట్ కూడా, చివరి క్షణంలో ఆపుకునే వీలు మనిషికి ఉందనే అన్నాడు. ఆపుకోవడం. మళ్ళీ అదే క్రియ.

పోయిన ఏడాది విజయవాడలో పిల్లల టోర్నమెంట్. కోచ్‌లను హాల్లోకి రానివ్వరు, కిటికీ అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. మా పిల్ల అప్పటికి పదో తరగతి. పన్నెండో ఎత్తుకు అవతలివాడు బీ2 బంటును వదిలేశాడు. నేను జేబులోంచి బస్ టికెట్ తీసి వెనక 'తింటుంది' అని రాసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. ఆమె చెయ్యి లేచింది. మంత్రి మీదకు వచ్చింది. పావు ముట్టుకుంటే ఆడాల్సిందే, అది నియమం. వేళ్ళు మంత్రి కిరీటానికి అంగుళం పైన ఆగాయి. గాల్లో అలాగే ఉన్నాయి, ఎంతసేపో లెక్కపెట్టలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఇంకో రెండు నిమిషాలకు ఏనుగును ఒక గడి పక్కకు జరిపింది.

ఆట ఓడిపోయింది. నలభై మూడో ఎత్తుకి.

తిరుగు బస్సులో టికెట్ వెనక రాసింది చూపించాను. చదివి, "అయితే మీకు ముందే తెలీదన్నమాట" అంది. ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి, "ఆశ అయితే పుట్టింది మాస్టారూ" అంది. మంగళగిరి దాటేసరికి నిద్రపోయింది.